కారుకు పనిలేని దారులు

వాషింగ్టన్ నగరానికి పడమటగా సుమారు ముప్ఫై మైళ్ళ దూరంలో ఉన్న ఆష్‌బర్న్‌కు 2021 చివర్లో ఉద్యోగం మీద వచ్చాను. ఇది డేటా సెంటర్ల ఊరు. కిటికీలు లేని పెద్ద పెద్ద భవనాలు, వాటి మధ్య నుంచి ఆరు వరుసల రోడ్లు, ఆ రోడ్ల పక్కన అపార్ట్‌మెంట్లు. తెలుగువాళ్ళకు కొదవ లేదు. ఆవకాయ దగ్గరి నుంచి సత్యనారాయణ వ్రతం చేయించే పురోహితుల దాకా అన్నీ పదిహేను నిమిషాల్లో అందుతాయి. అయితే ఆ పదిహేను నిమిషాలూ కారులోనే. మొదటి ఏడాదంతా ఇంటి గరాజు నుంచి ఆఫీసు పార్కింగుకు, అక్కడి నుంచి కొట్టు పార్కింగుకు తిరుగుతూ గడిపాను. కోనసీమలో కాలువ గట్ల మీద సైకిలు తొక్కుకుంటూ హైస్కూలుకు వెళ్ళిన నాకు, ఈ దేశంలో నేలకూ నాకూ మధ్య ఎప్పుడూ ఒక అద్దం ఉన్నట్టుగా అనిపించేది. 2022 వసంతంలో ఒక పాత సైకిలు కొన్నాను.

మా ఊరి మధ్య నుంచే డబ్ల్యూ అండ్ ఓడీ అనే బాట పోతుంది. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ అనే రైలుమార్గం 1968లో మూతపడిన తరువాత, పట్టాలు తీసేసిన కట్ట మీద వేసిన తారుబాట అది. ఆర్లింగ్టన్‌లోని షర్లింగ్టన్ నుంచి పడమటి కొండల దిగువన ఉన్న పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ళు, అంటే 72 కిలోమీటర్లు, కార్లు లేని దారి. రైలు కోసం కట్టిన కట్ట కాబట్టి ఎక్కడా నిటారు ఎత్తు ఉండదు. కొత్తగా తొక్కేవాళ్ళకు ఇంతకంటె మంచి చోటు లేదు. నా ఊపిరి కుదుటపడిందీ, పిక్కలు గట్టిపడిందీ దాని మీదే. అయితే అది ఒకే గీత. వెళ్ళిన దారినే తిరిగి రావాలి, శని ఆదివారాల్లో పసిపిల్లల బండ్లతో, కుక్కలతో, నడిచేవాళ్ళతో నిండి ఉంటుంది, ఊళ్ళ దగ్గర అడుగడుగునా రోడ్డు దాటాలి. అది వాళ్ళందరి బాట కూడా కాబట్టి అక్కడ వేగం చూపించడం తప్పు. ఉదయం నుంచి సాయంత్రం దాకా తొక్కుతూ, వెళ్ళిన దారిన కాకుండా ఇంకో దారిన ఇంటికి చేరాలన్న కోరిక అప్పుడు మొదలైంది.

మొదటి ప్రయత్నం ప్రాణం మీదికి వచ్చింది. దారి చూపించే ఒక యాప్‌ను నమ్మి, లీస్‌బర్గ్ నుంచి ఉత్తరంగా పోటోమాక్ నది వైపు 15వ నంబరు రోడ్డు ఎక్కాను. రెండే వరుసలు, మార్జిన్ అన్నది దాదాపు లేదు, మేరీలాండ్ వైపు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి. ఒక లారీ నన్ను దాటుతున్నప్పుడు దాని గాలి మొదట నన్ను బయటికి తోసి, వెనక చక్రాలు దాటే క్షణంలో లోపలికి లాగింది. హ్యాండిలు ఒక జానెడు పక్కకు తిరిగింది. గడ్డిలోకి దిగి, సైకిలు పడేసి, పావుగంట సేపు అలాగే కూర్చుండిపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. యాప్ చూసింది దూరం ఒక్కటే. నాకు కావలసినది దూరం కాదని ఆ గడ్డిలో కూర్చున్నప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి నేను మ్యాపును చూసే పద్ధతి మారింది. సైకిలుకు ఏది మంచి దారి అని వెతకడం మానేసి, కారుకు ఎక్కడ పని లేదు అని వెతకడం మొదలుపెట్టాను. పక్కనే త్వరగా చేర్చే పెద్ద రోడ్డు ఉంటే, వంకరటింకరగా పోయే పాత రోడ్డుకు కారు రాదు. నది దగ్గర వంతెన లేక ఆగిపోయే రోడ్డుకు, ఆ చివర ఇల్లున్నవాళ్ళు తప్ప ఎవరూ రారు. కంకర రోడ్డుకు, కారు కడిగించుకోవడం ఇష్టం లేని ఎవరూ రారు. మా లౌడన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అదృష్టం ఏమిటంటే, తూర్పున ఇన్ని డేటా సెంటర్లు లేచినా పడమటి సగంలో ఇంకా 250 మైళ్ళకు పైగా కంకర రోడ్లు మిగిలి ఉన్నాయి. కొన్ని రెండు వందల ఏళ్ళ నాటి బండ్ల బాటలు. అక్కడి వాళ్ళలో చాలామంది గుర్రాలు పెంచేవాళ్ళు. తారు వేస్తే వేగం పెరుగుతుందని, తమ రోడ్లను అలాగే ఉంచమని పట్టుబడుతుంటారు.

వర్జీనియాలో ఇంకొక సౌకర్యం ఉంది. 1932లో వచ్చిన ఒక చట్టంతో చాలా కౌంటీల పల్లె రోడ్లన్నీ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. ఆ రోడ్లకు 600, ఆపైన అంకెలు ఇచ్చారు. కూడలి దగ్గర చిన్న తెల్ల పలక మీద నల్లగా ఆ అంకె ఉంటుంది. రాష్ట్ర రవాణా శాఖ ఆ చిన్న రోడ్ల మీద కూడా రోజుకు సగటున ఎన్ని వాహనాలు తిరుగుతాయో అంచనా కట్టి అందరికీ అందుబాటులో పెడుతుంది. ఆ పట్టికలు తారు వేసే ఇంజనీర్ల కోసం తయారయ్యాయి కానీ నాకు అవి పంచాంగం లాంటివి. రోజుకు 200 వాహనాలున్న రోడ్డంటే, పగటి పద్నాలుగు గంటలకు పంచితే నాలుగు నిమిషాలకు ఒకటి. అలాంటి రోడ్డు మీద కారు వస్తున్న చప్పుడు ఎప్పుడో వినిపిస్తుంది, పక్కకు తప్పుకోవడానికి తీరుబాటు ఉంటుంది. 500 దాకా హాయిగా తొక్కుతాను. వెయ్యి దాటితే తెల్లవారుజామున మాత్రమే. రెండు వేలు దాటిన రోడ్డును, అది ఎంత అందంగా ఉన్నా, వదిలేస్తాను.

అంకె ఒక్కటే చాలదు కూడా. సగటులో గంటలు కనిపించవు. ఈ పల్లెల్లో ద్రాక్షతోటలు, వైన్ రుచి చూపించే చోట్లు చాలా ఉన్నాయి. అక్టోబరు శనివారం మధ్యాహ్నం దాటాక ఎంత చిన్న రోడ్డయినా అక్కడికి వచ్చిపోయే కార్లతో నిండుతుంది, తిరిగి వెళ్ళేవాళ్ళలో కొందరు తాగి ఉంటారన్న సంగతీ మరచిపోకూడదు. ఆదివారం ఉదయం పదకొండు దాకా మాత్రం రోడ్లన్నీ మనవే. సైకిలువాళ్ళు ఎక్కువగా తిరిగిన దారులను వెలిగించి చూపించే మ్యాపులు ఉన్నాయి కదా, అవి చూస్తే సరిపోదా అని మా ఆఫీసులో ఒక తమ్ముడు అడిగాడు. అవి జనం ఎక్కడ తొక్కారో చెబుతాయి కానీ ఏ భయంతో తొక్కారో చెప్పవు. ఇరవై మంది గుంపుగా వెళ్ళే రోడ్డు మీద ఒంటరిగా వెళ్ళడం వేరు. నేను శనివారం బయలుదేరబోయే రోడ్డును శుక్రవారం రాత్రి మ్యాపులోని వీధి చిత్రాల్లో కూడలి నుంచి కూడలికి చూసుకుంటాను: మార్జిన్ ఎంత ఉంది, మలుపు వెనక ఏముంది, రోడ్డు మధ్య పసుపు గీత ఉందా లేదా. గీత లేని రోడ్డు చాలాసార్లు మంచి రోడ్డు. గీత ఉంటే కారు నడిపేవాడు అది దాటడానికి ఇష్టపడక, మనల్ని ఒరుసుకుంటూ పోతాడు.

లీస్‌బర్గ్ నుంచి వాటర్‌ఫర్డ్‌కు పోయే ఓల్డ్ వాటర్‌ఫర్డ్ రోడ్డు నాకు అలా దొరికిన మొదటి దారి. పక్కనే మంచి తారురోడ్లు ఉన్నాయి కాబట్టి ఈ కంకర రోడ్డుకు తోటలవాళ్ళు తప్ప ఎవరూ రారు. రెండు పక్కలా సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, వాటి మీద నాచు, పైన చెట్లు కలిసిపోయి నీడ. వాటర్‌ఫర్డ్ 1733లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు కట్టుకున్న ఊరు. వాగు పక్కన పాత పిండిమర ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ దారిలో ఒక ఉదయం ఎదురుగా గుర్రం మీద ఒక పెద్దావిడ వచ్చింది. సైకిలును చూసి గుర్రం చెవులు నిక్కించి అక్కడే నిలిచిపోయింది. నేను దిగి పక్కకు జరిగాను. "ఏదైనా మాట్లాడు బాబూ, నువ్వు మనిషివని దానికి తెలియాలి" అందావిడ. ఏం మాట్లాడాలో తోచక, చిన్నప్పుడు మా గేదెతో అన్నట్టే "ఏం లేదమ్మా, ఏం లేదు, నడు" అన్నాను. గుర్రం తల దించింది, ముక్కుతో ఒకసారి గట్టిగా గాలి వదిలింది, కంకర మీద డెక్కలు టకటకలాడించుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయింది. ఈ దేశంలో పరాయివాళ్ళ ముందు నేను సంకోచం లేకుండా తెలుగు మాట్లాడిన మొదటిసారి అదే అనుకుంటాను. అప్పటి నుంచి గుర్రం కనిపిస్తే సైకిలు ఆపుతాను, తెలుగులోనే పలకరిస్తాను.

ఇక మిగిలింది నది. పోటోమాక్ అవతలి ఒడ్డున సీ అండ్ ఓ కాలువ గట్టు ఉంది. అది ఎక్కగలిగితే వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ దాకా కార్ల మాటే లేదు. పూర్వం లీస్‌బర్గ్ దగ్గర వైట్స్ ఫెర్రీ అనే బల్లకట్టు ఉండేది. ఒడ్డు భూమి మీది వివాదంతో 2020 డిసెంబరులో ఆగిపోయింది. నేను వచ్చేనాటికే రేవు ఖాళీ. కాబట్టి ఉత్తరాన పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన దాకా వెళ్ళాలి. నన్ను భయపెట్టిన ఆ 15వ నంబరు రోడ్డును తప్పించుకుంటూ వాటర్‌ఫర్డ్, టేలర్స్‌టౌన్, ఫర్నెస్ మౌంటెన్ రోడ్డు మీదుగా వెళితే ఆ రోడ్డుతో పని వంతెన దగ్గర కొద్ది దూరం మాత్రమే. ఆదివారం ఉదయం ఎనిమిది లోపు అక్కడికి చేరేటట్టు ఐదింటికే బయలుదేరతాను. టేలర్స్‌టౌన్ లోయలో ఫోను పలకదు, అందుకని ఆన్‌కాల్, అంటే ఆఫీసు పిలిస్తే వెంటనే పలకాల్సిన వంతు, లేని వారాలే ఈ ప్రయాణానికి.

వంతెన దిగి గట్టు ఎక్కితే 48వ మైలు. చెసపీక్ అండ్ ఒహాయో కాలువ తవ్వకం 1828 జులై 4న మొదలై, 1850లో మేరీలాండ్‌లోని కంబర్లాండ్ చేరింది. మొత్తం 184.5 మైళ్ళు, 74 లాకులు. ఇంగ్లీషులో ఆ మాట చదివినప్పుడు నాకు అనువాదం అవసరం లేకపోయింది; మా కోనసీమలో లాకులంటే లాకులే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంటే రెండు చోట్లా ఒకే కాలంలో మనుషులు నీటిని మెట్లు మెట్లుగా దించే తలుపులు కట్టారన్నమాట. ఇక్కడ కంచరగాడిదలు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవలు లాగేవి. 1924 వరదతో పడవలు ఆగిపోయాయి. తరువాత ఆ గట్టు మీద కార్ల కోసం రోడ్డు వేయాలన్న ఆలోచన వచ్చింది. దాన్ని వ్యతిరేకించిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్‌కు కాలినడకన బయలుదేరి, పత్రికా సంపాదకులను కూడా వచ్చి నడవమన్నాడు. 1971లో అది జాతీయ చారిత్రక పార్కు అయింది. నేను వెతికే దారుల్లో, కారు రాకుండా ఒక మనిషి నడిచి ఆపిన దారి ఇది ఒక్కటే.

42వ మైలు దగ్గర మొనాకసీ నది మీదుగా కాలువను దాటించిన ఏడు కమానుల రాతి వంతెన ఉంది. అక్కడ దిగి తినడం నా అలవాటు. పులిహోర అయితే ఎండకు చెడదు. కొన్ని మైళ్ళకొకటి చొప్పున ఉచితంగా గుడారం వేసుకునే చోట్లు, చేతి పంపులు ఉన్నాయి. చలికాలంలో ఆ పంపులు పనిచేయవు కాబట్టి నవంబరు తరువాత నీళ్ళు మోసుకుపోవాల్సిందే. వాన పడిన మర్నాడు గట్టు బురద, సన్న టైర్లు పనికిరావు. నేను 40 మిల్లీమీటర్లవి వేయించుకున్నాను. జార్జ్‌టౌన్ చేరాక పోటోమాక్ మీది కీ బ్రిడ్జ్ దాటి, కస్టిస్ బాట మీదుగా మళ్ళీ మా డబ్ల్యూ అండ్ ఓడీ ఎక్కితే సాయంత్రానికి ఇల్లు. మొత్తం దగ్గర దగ్గర వంద మైళ్ళు, 160 కిలోమీటర్లు. మహానగరాన్ని తాకి వచ్చే ఆ వంద మైళ్ళలో కార్లతో కలిసి తొక్కేది ఇరవైకి లోపే, అందులోనూ చాలాభాగం నాలుగైదు నిమిషాలకొక కారు కనిపించే పల్లె రోడ్లు.

కిందటి వేసవిలో నాన్న వచ్చారు. ఇల్లు, గుడి, మాల్ చూపించాక ఇంకేం చూస్తారని అడిగితే "నువ్వు సైకిలు తొక్కే కాలువ చూపించరా" అన్నారు. ఒక లాకు దగ్గరికి తీసుకెళ్ళాను. నీళ్ళు లేవు, అడుగున గడ్డి పెరిగి ఉంది. నాన్న రాతిగోడ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, తాళ్ళు ఒరుసుకుని రాయిలో పడిన గాళ్ళను వేలితో తడిమి చూశారు. ఆయన చిన్నతనంలో మా కాలువలో ధాన్యం పడవలను మనుషులే భుజాలకు తాడు తగిలించుకుని లాగేవారట.

"వీళ్ళు గట్టుకు ఈ పక్కన నడిచేవాళ్ళురా, గాడి వాలు చూడు" అన్నారు.

"మనుషులు కాదు నాన్నా, కంచరగాడిదలు."

"వాటి వెనకాల మనిషి నడవడూ?" అన్నారు, గాడి మీద నుంచి వేలు తీయకుండానే.

ఆయన అడిగిన రెండో మాట, ఈ గట్టు చివరి దాకా వెళ్ళావా అని. వెళ్ళలేదు. కంబర్లాండ్‌లో ఈ కాలువ ఆగిన చోటనే పిట్స్‌బర్గ్‌కు 150 మైళ్ళ మరో బాట, అది కూడా పాత రైలు కట్ట మీదిదే, మొదలవుతుంది. ఏప్రిల్ మధ్యలో పంపులు మళ్ళీ తెరుస్తారు. సెలవుకు అర్జీ పెట్టాను, గుడారం కొన్నాను, మొదటి రాత్రి ఆగే చోటును మ్యాపులో గుర్తు పెట్టుకున్నాను.