మధ్యాహ్నం కార్డు ఖాళీ

మే నెల, ఆదివారం. కడప.

ఐదున్నరకే బుగ్గవంక గట్టు మీదికి. ఎండ ముదిరాక పెట్టె ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. జంతువు ముందు నుంచి పోతే దానంతటదే ఫొటో తీసే కెమెరా పెట్టెలు కట్టి నేటికి పదిహేను రాత్రులు. నాలుగు కెమెరాలకు 60 రాత్రుల లెక్క రావాలి, కానీ మూడో నంబరు తొమ్మిదో రాత్రి దాటగానే పడుకుంది. కాబట్టి 54. ఆగిపోయిన రాత్రుల్ని కూడా లెక్కలో కలిపేస్తే తర్వాత వచ్చే అంకెలన్నీ అబద్ధాలే.

ఆగిన కారణం పాతదే. ఎనిమిది సెల్లుల్లో రెండు పాతవి కలిశాయి. పగటి ఫొటోలకు అవి చాలాయి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలకు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి, అక్కడే ఓల్టేజి కూలిపోయింది. మారిస్తే ఎనిమిదీ ఒకేసారి మార్చాలి. సెల్లులు తీసినప్పుడు గడియారం వెనక్కి పోయే రకాలున్నాయి, మూత వేసేముందు తేదీ, టైము చూసుకోవాలి.

రెండో నంబరులో వెయ్యికి పైగా ఫొటోలు. ముప్పాతిక భాగం కంపచెట్టు కొమ్మే. ఎండకు కాగిన కొమ్మ గాలికి ఊగితే సెన్సర్‌కు జంతువు కిందే లెక్క. కెమెరా ఎదుట నాలుగు మీటర్ల మేర కొమ్మలు కొట్టేశాం. మిగిలినవాటిలో మేకలే ఎక్కువ. "ఆ పెట్టెలో మా మేకలే పడుంటాయిలేప్పా" అని మేకలాయన ముందే చెప్పాడు.

అసలు సంగతి ఒకటో నంబరుది. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా పదిహేను రోజుల్లో ఒక్క ఫొటో లేదు. ఎండకు ఏదీ బయటికి రాలేదనుకోవడం తేలిక. కానీ నిన్న పదకొండుకు కెమెరా ముందు, చెట్టు నీడలో, జల్లెడ పట్టిన మట్టి మీటరు పొడవున పరిచి చదును చేశాం. నాలుగుకు చూస్తే దాని మీద ముంగిస అడుగులు: ఐదేసి వేళ్లు, కొసన గోళ్ల గీతలు. పక్కనే ఉడుము పోయిన జాడ, అడుగుల నడుమ తోక ఈడ్చిన గీత. కార్డు మాత్రం ఖాళీ.

ఈ సెన్సర్ చూసేది ఉట్టి కదలికను కాదు, చుట్టూ ఉన్నదాని కంటే వేడిలో తేడా ఉన్నది కదలడాన్ని. నీడలో నేల నలభై డిగ్రీల దాకా కాగితే ముంగిస ఒళ్లూ నేలా దానికి ఒకటే. ఉడుముకైతే ఎండే వేడి, తేడా ఎక్కడిది? సెన్సిటివిటీ పెంచితే ముంగిస కంటే ముందు కంపచెట్టు వచ్చి పడుతుంది. మందు ఒకటే: ఆ ఐదు గంటలూ నిమిషానికో ఫొటో తీసే టైమ్‌ల్యాప్స్. రోజుకు 300, పదిహేను రోజులకు 4,500. ఫొటో మూడు ఎంబీ అనుకున్నా పద్నాలుగు జీబీ లోపే, 32 జీబీ కార్డు చాలు. నిమిషం సందులో దాటిపోయేవి పోతాయి, వాటికి మట్టి పరుపు ఉండనే ఉంది.

మట్టి పరుపు ఈ జిల్లాకు కొత్తేం కాదు. అంతరించిందనుకున్నాక 1986లో మళ్లీ కనబడ్డ కలివికోడి అనే పిట్టను వెతకడానికి పరిశోధకులు లంకమల అడవుల వైపు కెమెరాలతో పాటు మట్టి చాళ్లనూ వాడారు.

నాలుగో నంబరు మూత సందులో చీమలు గుడ్లు పెట్టాయి. దులిపి, రబ్బరు అంచు తుడిచి, సిలికా జెల్ పొట్లం మార్చాం. అద్దం మీద సాలెగూడు వల్ల రాత్రి ఫొటోలన్నీ తెల్లటి పొగే. ఆ పొగలోనే ఒక మానుపిల్లి, అరగంటలో ఏడు ఫొటోలు. ముప్పై నిమిషాల లోపు వచ్చినవన్నీ ఒకే రాక కింద రాశాం.

మనుషుల ఫొటోలు అక్కడికక్కడే చెరిపేశాం. తెల్లారుజామున జనం బయటికి పోయే దారుల్లో కెమెరా కట్టనే కూడదు.

వానలకు ముందే వంకలోనివి గట్టు పైకి తేవాలి. 2020 నవంబరులో నివర్ తుపానుకు ఈ వంక పొంగే ఊళ్లోకి నీళ్లొచ్చాయి. నాలుగో దాని ముఖం తూర్పుకుంది, పొద్దు పొడవగానే సూర్యుడే ఫొటోలో పడుతున్నాడు. ఉత్తరానికి తిప్పి, మోకాలి కంటే కాస్త కిందికి, దారికి ఏటవాలుగా కట్టాలి. సాయంత్రం ఐదు దాటాక ఆ పని.