"జెంటా 0.9, ఓకేనా?"

నిన్న సాయంత్రం మా ఆసుపత్రి పేషెంట్ సేఫ్టీ టెస్టు పాసయ్యాను, రెండో విడతలో. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన నర్సుని. తిరుపతిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు పెద్దవాళ్ల మెడికల్ వార్డులో పనిచేశాను. పోయిన నెల పసిబిడ్డల ఐసీయూకి మార్చారు. పేషెంట్ సేఫ్టీ టెస్టు పాసయ్యేదాకా సీనియర్ల వెనకాల తిరగడమే, బిడ్డను సొంతంగా ముట్టుకోనివ్వరు. 2025లో సెప్టెంబరు 17న, ప్రపంచ రోగి భద్రతా దినానికి, డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు నవజాత శిశువులు, పిల్లల భద్రతనే అంశంగా పెట్టారు. అప్పట్నుంచి మావాళ్లకు ఈ టెస్టుల మీద మోజు పెరిగింది. మంచిదే. కానీ పొద్దున టెస్టని ముందురోజు రాత్రి పదింటికి వాట్సాప్‌లో పెట్టడం ఏం పద్ధతి? నైట్ డ్యూటీ దిగి రేణిగుంట బస్సెక్కాల్సినదాన్ని, మొహం కడుక్కుని అలాగే వెళ్లి కూర్చున్నాను.

చేతులు కడగడం, గాజులు, ఉంగరం తీసి, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు: అయిపోయింది. బొమ్మకు అంబు బ్యాగుతో నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి అందించడం: అదీ అయిపోయింది. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, నా సూదికి దొరకని నరం మా ఆసుపత్రిలో లేదు.

తర్వాత ట్యాగులు. పుట్టిన బిడ్డకు పేరుండదు, తల్లి పేరుతో "బేబీ ఆఫ్" అని రాస్తాం. మన తిరుపతిలో ఒకేరోజు ఇద్దరు పద్మావతులు కాన్పుకు రావడం వింతేం కాదు. అందుకే తల్లి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది) రెండూ కలవాలి, మందుకైనా, తల్లి పిండి పంపిన పాలకైనా. బెడ్ నంబరు లెక్కలోకి రాదు. చేతికొకటి, కాలికొకటి కడతాం. బిడ్డ కాస్త బరువు తగ్గిందంటే కాలి ట్యాగు జారి దుప్పట్లో పడుంటుంది. అది దొరికింది కదా అని పక్కనున్న బిడ్డకు కట్టేయకూడదు, మళ్లీ రికార్డుతో సరిచూడాలి. ఇక్కడా నాకు పూర్తి మార్కులే.

ఆ ఊపులోనే మందుల టేబుల్ దగ్గరికి వెళ్లాను.

బొమ్మ బరువు 1.8 కిలోలు. డాక్టరు రాసింది జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, మేం జెంటా అంటాం, 9 మిల్లీగ్రాములు. చార్టులో నిన్నటి సిస్టర్ "0.9 ఎంఎల్ ఇచ్చాను" అని రాసి ఉంది. నేను వయల్ (చిన్న మందు సీసా) తీసి, 0.9 లాగి, పక్కనున్న ఫ్రెండ్‌కి సిరంజి చూపించి, "జెంటా 0.9, ఓకేనా?" అన్నాను. "ఓకే" అంది. ఇద్దరం సంతకాలు పెట్టాం. బొమ్మకు ఇచ్చేశాను.

ఎడ్యుకేటర్ మేడంకి నాకన్నా పదేళ్లు తక్కువుంటాయి. "ఎంతిచ్చారు సిస్టర్?" అంది. తొమ్మిది అన్నాను. "వయల్ మీదున్నది గట్టిగా చదవండి."

2 ఎంఎల్‌లో 80 మిల్లీగ్రాములు.

పిల్లలకు వాడేది 2 ఎంఎల్‌లో 20 ఉంటుంది. నిన్నటి సిస్టర్ 0.9 లాగింది అందులోంచి. నా ముందు పెట్టింది పెద్దవాళ్లది. లెక్క బోర్డు మీద వేయమంది. పోస్టింగ్‌కొచ్చిన నర్సింగ్ స్టూడెంట్లు ఆరుగురు వెనకే నిలబడ్డారు. ఒక ఎంఎల్‌లో 40. 0.9లో 36. తొమ్మిది ఇవ్వాల్సిన చోట ముప్పై ఆరు. మార్కర్ పట్టుకున్న చెయ్యి వణికింది. జెంటా ఎక్కువైతే దెబ్బ కిడ్నీలకు, చెవులకు. ఆ బొమ్మే నిజం బిడ్డయితే? స్టూడెంట్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

నిజం చెప్పాలంటే ఎనిమిదేళ్లలో నేను ఈ లెక్క వేసిందే లేదు. పెద్దవాళ్ల వార్డులో వయలే డోసు, డాక్టరు 80 రాస్తే మొత్తం లాగేయడమే. ఇక్కడ అదే వయల్ ఇలాంటి ఎనిమిది మంది బిడ్డలకు సరిపోతుంది.

అంతకన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఇంకొకటుంది. "మీ ఫ్రెండ్ చెక్ చేయలేదు, మీరు చెప్పింది విని తలూపింది. జవాబు చెప్పి అడిగితే అది డబుల్ చెక్ ఎలా అవుతుంది?" అంది మేడం. నిజమే. కానీ తలూపినావిడ పాస్, నేను ఫెయిల్! ఆ టేబుల్ దగ్గర ఆమె నాకు హెల్పరేనట, పరీక్ష నాదేనట. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ రోజు బయటికొస్తుంటే వార్డు ఆయమ్మ "ఏం పాపా, మొగం అట్లా పెట్టుకోనుండావు?" అని అడిగితే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రమే ఫార్మసీకి వెళ్లి చూశాను. రెండు రకాల వయల్సూ ఒకే ట్రేలో! గొడవపెట్టుకుని వేరు చేయించాను, 80 దానికి ఎర్ర స్టిక్కర్ అంటించేదాకా కదల్లేదు. మీరూ చూసుకోండి, ఫార్మసీ వాళ్లు చూసుకుంటారులే అనుకోవద్దు. ఇంకోటి, ".9" అని రాయకండి, ముందు సున్నా పెట్టండి. "9.0" అనీ రాయకండి, చుక్క కనపడకపోతే తొంభై అయిపోతుంది.

రెండో విడతలో వేరే సిస్టర్‌కి ఆర్డరూ వయలూ ఇచ్చి, నా లెక్క చూపించకుండా కాగితం తిరగేసి పెట్టాను. ఆమెకు 0.225 ఎంఎల్ వచ్చింది, నాకు 0.9. గుండె జారింది. తీరా చూస్తే ఆమె వయల్లోది నేరుగా లెక్కేసింది. నేను ఒక ఎంఎల్‌కి మూడు ఎంఎల్ సెలైన్ కలిపి, ఎంఎల్‌కి పది మిల్లీగ్రాములయ్యాక లెక్కేశాను. రెండూ తొమ్మిది మిల్లీగ్రాములే. కలిపింది సిరంజి లేబుల్ మీద రాయలేదని మేడం అక్కడా ఓ చురక వేసింది.

ఇవాళ పొద్దున సర్టిఫికెట్ ఇచ్చారు. ఎంప్లాయీ నంబరు నాదే, పేరు మాత్రం ఇంకెవరిదో. రెండూ కలవకపోతే బిడ్డకు పాలు కూడా పట్టొద్దని నేర్పించింది వీళ్లే. తీసుకోకుండా ఆఫీసుకే తిప్పి పంపాను.