సరిచేయకుండా వదిలేసిన చోటు

నేను చేసేది గాత్రాలు సరిచేసే పని. ఎవరో పాడి పంపిన ట్రాకును కంప్యూటర్‌లో తెరుస్తాను. శృతి జారిన చోట స్వరాన్ని కాస్త ఎత్తుతాను, తాళానికి ముందే వచ్చేసిన మాటను వెనక్కి జరుపుతాను, ఊపిరి చప్పుడు మరీ పెద్దగా ఉంటే తగ్గిస్తాను. ఈ రోజుల్లో దేన్నైనా సరిచేయొచ్చు. అందుకే దేన్ని ముట్టుకోకూడదో తేల్చుకోవడమే నా పనిలో పెద్ద భాగమైపోయింది.

గొంతులో లోపం ఉంటేనే పాటకు ప్రాణం వస్తుందని కొందరంటారు. శృతి తప్పాక ఇంకేం పాట అని మరికొందరంటారు. నా అనుభవంలో తప్పుకి సొంతంగా అందమేమీ లేదు. బాగా పాడుతున్న గొంతు, పాటలోని ఒక మాట బరువు మోయలేక ఒక్కచోట తడబడితే మాత్రం అది వేరు. ఆ తడబాటుని నేను కాపాడతాను, దానికోసం పోట్లాడతాను కూడా.

ఒకావిడ తను రాసుకున్న పాట పంపారు. తనకి సంగీతం నేర్పిన అక్క కోసం పాడింది. అక్కకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి పాడేవాళ్లట, ఒక పాదం ఈవిడ పాడితే తర్వాతి పాదం అక్క అందుకునేదట. పాట మొత్తం శుభ్రంగా ఉంది, నిలకడ గల గొంతు. రెండో చరణం చివర "తర్వాతి మాట నువ్వందుకో" అనే పాదం దగ్గర, "అందుకో" అన్న మాట మీద శృతి దాదాపు 40 సెంట్లు (శృతి తేడాని కొలిచే ప్రమాణం) కిందికి జారి, గొంతు జీరపోయింది. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు కాబట్టి, 40 అంటే ఎవరికైనా వినిపించే తేడా. తెర మీద స్వరం ఎత్తుపల్లాలు చూపిస్తూ అంతవరకూ చక్కగా సాగిన గీత అక్కడ తెగిపోయింది. అది ఏ స్వరమో సాఫ్ట్‌వేర్‌కి అర్థం కాక ఖాళీ వదిలేసింది. "అక్కడ కాస్త సరిచేయండి, వింటే సిగ్గుగా ఉంది" అని మెసేజ్ పెట్టారు.

నేను రెండూ పంపాను, సరిచేసిందీ చేయనిదీ. సరిచేసిన దాంట్లో అదే పాదాన్ని ఆవిడ ఇంకో టేక్‌లో, అంటే మరోసారి పాడిన రికార్డింగులో, బాగా పాడిన ముక్క తెచ్చి అతికించాను, అతుకు ఎవరికీ తెలియదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశారు. "మీరు బాగుచేసింది బాగానే ఉందండీ. కానీ అక్క వింటే, నేనేదో రికార్డింగ్ కోసం పాడాననుకుంటుంది" అన్నారు. జీరపోయినదే ఉంచేశాం.

అక్కడ ఏం జరిగిందో శరీరం వైపు నుంచి చూస్తే నాకు ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. మామూలుగా మాట్లాడేటప్పుడే మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకి 100 పైచిలుకు సార్లు, ఆడవాళ్లవి సుమారు 200 సార్లు కంపిస్తాయి. ఎంత సాధన చేసిన గొంతులోనైనా ఏ రెండు కంపనాలూ అచ్చంగా ఒకలా ఉండవు. కింది స్థాయిలో ఆ తంత్రులు మందంగా ఉండి ఒకదానికొకటి గట్టిగా ఆనతాయి, పై స్థాయిలో సాగి పలచబడతాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కండరాలు మెల్లగా పట్టు మార్చుకోవాలి. దుఃఖం ముంచుకొచ్చినప్పుడు గొంతు బిగుసుకుపోతుంది, ఊపిరి ఆగి ఆగి వస్తుంది, పట్టు ఒక్కసారిగా జారుతుంది. మనం జీర అని వినేది అదే. ఆల్ప్స్ పర్వతాల్లో పాడే యోడలింగ్‌లో ఇదే గెంతును కావాలని చేస్తారు, అదో కళ. అనుకోకుండా వచ్చినప్పుడు మాత్రం పాడే మనిషికి లోపల ఏమవుతోందో మన చెవికి నేరుగా తెలిసిపోతుంది. మాటలతో అబద్ధం చెప్పడం తేలికే, ఆ కండరాలతో చెప్పించడం చాలా కష్టం.

మన చెవికి కూడా మనిషి గొంతు మీద ఒక ప్రేమ ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో ఇసబెల్ పెరెట్జ్ అనే పరిశోధకురాలి బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వయొలిన్ ఎంత శృతి తప్పితే జనం తప్పని పట్టేస్తున్నారో, గొంతు దానికంటే ఎక్కువ తప్పినా సరిగ్గానే ఉందంటున్నారని అందులో తేలింది. ఆ మాట చదివినప్పుడు నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. తెర మీద గీత చూస్తూ కూర్చునే నాలాంటివాళ్లు, అసలు ఎవరికీ వినిపించని తప్పుల్ని ఎన్నిటిని తుడిచేస్తున్నామో కదా!

అసలు ఈ సరైన శృతి అనేదే తెర మీద చూపించినంత సన్నని గీత కాదు. పాశ్చాత్య శాస్త్రీయ గాయకుల వైబ్రాటో, అంటే స్వరానికి వాళ్లిచ్చే ఊపు, సెకనుకి ఐదారు సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. వాళ్లు పాడే స్వరం ఆ ఊపుకి మధ్యలో ఎక్కడో ఉంటుంది, మన చెవే దాన్ని కూడదీసుకుంటుంది. కర్ణాటక సంగీతంలో అయితే మరీను. తోడి రాగంలో గాంధారాన్ని ఎవరైనా కదలకుండా నిలబెట్టి పాడితే అది తోడిలా వినిపించదు. కిందున్న రిషభం వైపు, పైనున్న మధ్యమం వైపు ఊగితేనే అది తోడి గాంధారం. ఇలాంటి గాత్రం మీద ఆటోమేటిక్ కరెక్షన్ పెట్టి చూస్తే గుండె తరుక్కుపోతుంది. గమకమంతా మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. ఆ పనిముట్టు అన్నిటినీ తప్పులే అనుకుంటుంది, ఊగినా జారినా దానికి ఒకటే.

ఆ పనిముట్టుకి పెట్టిన పేరు ఆటో-ట్యూన్, 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణలో, భూమిలోకి పంపిన తరంగాల లెక్కలు చూసేవాడు. ఆ గణితమే గొంతులో స్వరాన్ని కనిపెట్టడానికి పనికొచ్చింది. మరుసటి ఏడాదే గాయని షెర్ పాటలో దాన్ని దాచకుండా, గొంతు యంత్రంలా వినిపించేలా వాడారు. నాకు దాని మీద కోపం లేదు, అదీ ఒక రంగే. దాన్ని ఎవరికీ తెలియకుండా ప్రతి గొంతు మీదా పూయడం అలవాటైపోయిందే, అది నాకు బాధ.

అమెరికన్ గాయని మెరీ క్లేటన్ పాడింది మీరు వినే ఉంటారు. 1969లో రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం వాళ్ల 'గిమ్మీ షెల్టర్' పాట కోసం రాత్రివేళ పిలిస్తే, నిండు గర్భిణి, స్టూడియోకి వెళ్లి పాడింది. పై స్థాయిలో అరుస్తున్నట్టు పాడుతూ ఉండగా గొంతు పగిలింది. ఆమె ట్రాకు ఒక్కదాన్నే విడిగా వింటే, వెనక ఆ బృందం గాయకుడు మిక్ జాగర్ ఆశ్చర్యంతో కేక వేయడం సన్నగా వినిపిస్తుంది. ఆ పగులుని వాళ్లు తీసేయలేదు. ఆ పాటలో ఉన్నవి యుద్ధం, హత్య లాంటి మాటలు. ఆ మాటల మీద గొంతు పగలకపోతేనే నాకు అనుమానం వచ్చేది.

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే సంగతి ఇంకా లోతైనది. 1958లో 'లేడీ ఇన్ శాటిన్' ఆల్బమ్ రికార్డు చేసేనాటికి ఆమె గొంతు బాగా దెబ్బతిని ఉంది. పైకి వెళ్లలేదు, బొంగురు, స్వరం చివర్లు వణుకుతాయి. వెనక చూస్తే పట్టులాంటి వయొలిన్ల వాద్యబృందం. మరుసటి ఏడాది 44 ఏళ్లకే చనిపోయింది. ఆ వాద్యాలను కూర్చిన రే ఎల్లిస్‌కి మొదట ఆమె పాడింది నచ్చలేదు, గొంతు, వాద్యాలు అన్నీ కలిపి పూర్తిచేసిన మిక్స్ విన్నాకే మనసు మారిందని ఆయనే తర్వాత చెప్పాడు. అప్పటిదాకా స్వరాలనే వింటున్నానని, భావం వినలేదని ఆయనకు అర్థమైంది. నేను ఆ ఆల్బమ్ విన్నప్పుడల్లా ఒకటి గమనిస్తాను. ఆమె స్వరం తప్పినా కాలం తప్పదు. మాటను తాళానికి ఎంత వెనక వేయాలో, ఏ అక్షరం మీద ఆగాలో ఆ కాలజ్ఞానం చెక్కుచెదరలేదు. గొంతు పోయినా పాడటం పోలేదు. అందుకే ఆ వణుకు మనకి లోపంలా కాక జీవితంలా వినిపిస్తుంది.

మరి నిజాయితీ ఒక్కటే సరిపోతుందా? ఫ్లోరెన్స్ ఫాస్టర్ జెంకిన్స్ అనే అమెరికన్ గాయనికి నిజాయితీ తక్కువేం కాదు. 1944 అక్టోబరులో కార్నెగీ హాల్ నిండిపోయింది, ఆమె ప్రాణం పెట్టి పాడింది. జనం నవ్వారు. నెల తిరిగేసరికి ఆమె లేదు. ఆ రికార్డింగులు వింటే నాకు నవ్వు రాదు, ఆమె మీద జాలి, గౌరవం రెండూ కలుగుతాయి. కానీ పాట మాత్రం నాకు చేరదు. మొదటి నుంచి చివరిదాకా శృతి నిలవకపోతే, ఎక్కడ గుండె జారిందో ఎక్కడ గొంతు మాత్రమే జారిందో వినేవాళ్లకి తెలిసే దారి లేదు. గోడ తిన్నగా ఉంటేనే దాని మీద పగులు కనిపిస్తుంది. అందుకే సాధన చేయకపోవడాన్ని సహజత్వం అని పిలిచేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇంకో రకం ఉంది, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. జీరకి విలువుందని తెలిసి దాన్ని తెచ్చిపెట్టుకోవడం. ప్రతి పాదం మొదట్లో గొంతు కీచుమనిపిస్తారు, చివర్లో ఊపిరి వదులుతారు. ఒకే పాటలో నాలుగు టేకులు పక్కపక్కన పెట్టి చూస్తే, నాలుగింట్లోనూ అదే అక్షరం మీద అదే జీర. నిజంగా వచ్చినది ఒక టేక్‌లో వస్తుంది, ఇంకోదాంట్లో రాదు, వస్తే వేరే చోట వస్తుంది. పాడే పిల్లలకి నేను చెప్పేది ఒకటే. జీర మీద దృష్టి పెట్టొద్దు, స్వరం మీద పెట్టు, మాట అర్థం మీద పెట్టు. వచ్చేదుంటే అదే వస్తుంది.

పనిలో నాకు గుర్తు ఇది. తప్పు అర్థం లేని చోట ఉంటే, అంటే ఊపిరి సరిగా చూసుకోకనో, హెడ్‌ఫోన్లో శృతి వినిపించకనో వచ్చిందైతే, మొహమాటం లేకుండా సరిచేస్తాను. అది పాటకి ఏమీ చెప్పదు, వినేవాళ్ల దృష్టి మరలుస్తుంది. మాట ఎక్కడ బరువుగా ఉందో అక్కడే వచ్చిందైతే కళ్లు మూసుకుని, తెర చూడకుండా వింటాను. గీత చూస్తూ వింటే కన్ను గెలుస్తుంది. కోరస్ దగ్గర ఇంకా తక్కువ ముట్టుకుంటాను. పదిమంది పాడిన ట్రాకులన్నిటినీ ఒకే గీత మీదకి లాగితే పదిమందీ ఒక్కరైపోతారు. గొంతుల మధ్య ఉన్న ఆ కాస్త తేడాయే నిండుదనం. 1966లో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్సెండ్ అనే ఇంజినీరు, ఒకే గొంతును రెండుసార్లు పాడినట్టు వినిపించడానికి టేపుతో ఉపాయం చేసినప్పుడు ఆయన కావాలని కల్పించింది కూడా ఆ తేడానే.

మీరు పాడి పంపేటప్పుడు నాదో కోరిక. గొంతు తడబడిన టేక్‌ను సిగ్గుపడి డిలీట్ చేయకండి. మంచి టేక్‌తో పాటు దాన్నీ పంపండి, ఏ మాట దగ్గర తడబడ్డారో, అక్కడ ఏం గుర్తొచ్చిందో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం చేతిలో ఉంటే ఏ టేక్ ఉంచాలో తేల్చుకోవడం నాకు తేలికవుతుంది.