డ్రాక్యులా, నేను, ఒకే ఒక్క 'వ'

"అమ్మా, డ్రాక్యులా కూడా నీలాగే ఇంగ్లీష్ గురించి తెగ టెన్షన్ పడతాడు" అంది మా అమ్మాయి, పప్పన్నం కలుపుకుంటూ.

1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ఆ రక్తపిశాచి నవల 'డ్రాక్యులా' దానికి స్కూల్లో పాఠం. నేనెప్పుడో చదివేశానని గొప్పలు పోయాను కానీ, చూసింది సినిమా. అది పడుకున్నాక దొంగతనంగా పుస్తకం తీశాను.

మొదటి అధ్యాయం మన ప్రయాణాల్లాగే ఉంది. ట్రాన్సిల్వేనియాలో డ్రాక్యులా కోటకి వెళ్తున్న కుర్ర లాయరు జోనాథన్ దారిలో కారం కోడికూర తిని, దాన్నెలా వండాలో కాబోయే భార్య మీనా కోసం కనుక్కోవాలని డైరీలో రాసుకుంటాడు. హోటల్ పెద్దావిడ 'మీ అమ్మ కోసం' అంటూ మెడలో జపమాల వేస్తే, తనకు నమ్మకం లేకపోయినా కాదనలేకపోతాడు. మా పిల్లయితే తీసి నా చేతిలో పెడుతుంది. తాయెత్తుకి అదే గతి పట్టింది.

రెండో అధ్యాయంలో దొరికిపోయాను. కోటలో కూర్చుని లండన్ డైరెక్టరీ, రైళ్ల టైమ్‌టేబుల్ చదువుకునే ఆ ముసలి దొర డ్రాక్యులా, లండన్ వీధుల్లో నోరు విప్పితే పరాయివాడినని తెలిసిపోతుందని బెంగపడతాడు. ఇక్కడ నేను దొరని, అక్కడ నన్నెవరు ఎరుగుదురు అంటాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో బాత్రూమ్ అద్దం ముందు నేను చేసిన ప్రాక్టీసు ఈయనకెలా తెలిసిందో!

కొత్తగా వచ్చిన తల్లులకు నేనిచ్చే సలహా ఒకటుంది: ఇంట్లో తెలుగే మాట్లాడండి, తప్పు వస్తే అక్కడికక్కడే దిద్దండి. 'పల్లు' అన్నందుకు ఆరేళ్ల పిల్లచేత 'పళ్ళు', 'పళ్ళు' అని ఏడ్చేదాకా పలికించిన ఘనత నాది. అదే పిల్ల, నాకు 'వి'కీ 'డబ్ల్యూ'కీ తేడా లేదంటే మూడు రోజులు ముభావంగా ఉన్నాను. మన అక్షరమాలలో ఉన్నదే ఒక్క 'వ', నేనేం చెయ్యను?

రాత్రే పుస్తకం చదివానని పొద్దున్నే ఒప్పుకున్నాను.

"తేడా ఏంటంటే, చిన్న తప్పయినా చెప్పమని ఆయనే జోనాథన్‌ని అడిగాడు" అంది, బ్యాగు సర్దుకుంటూ.

పిల్లల తెలుగు దిద్దాలా వద్దా అని ఇప్పుడెవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. పట్టుదలకి పోయి, ఆ రాత్రి మూడో అధ్యాయం నేనే పైకి చదువుతాను, తప్పులు చెప్పమన్నాను. దొర కోట గోడ మీద బల్లిలా తలకిందులుగా దిగే చోటికి వచ్చేసరికి ఏడుసార్లు ఆపింది. ఎనిమిదోసారి నోరు తెరవబోతుంటే, "రేపు స్కూలుంది, పడుకో" అని లైటు తీసేశాను.