మాట పూర్తిగా రాకముందే పనికి సిద్ధం కావడం

స్ట్రోక్ తర్వాత నా కాలూ చెయ్యీ ముందు దారికొచ్చాయి, మాట వెనకబడింది. మెదడులో భాషను చూసుకునే భాగాలు, చాలామందిలో ఎడమవైపు ఉండేవి, దెబ్బతింటే వచ్చే ఈ ఇబ్బందిని అఫేసియా అంటారు. ఇప్పుడు నేను మళ్ళీ పనిలో ఉన్నాను. మాట మాత్రం పూర్తిగా రాలేదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమని చాలా ఇళ్ళల్లో అనుకోరు. "ముందు మాట రానీ, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం" అంటారు. మాటలో మార్పు మొదటి వారాల్లో, నెలల్లో వేగంగా కనిపిస్తుంది. తర్వాత నెమ్మదిస్తుంది కానీ చాలామందిలో ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంటుంది. అది పూర్తయ్యేదాకా ఎదురుచూస్తే ఈలోగా పని అలవాటు, అక్కడి పరిచయాలు, ధైర్యం జారిపోతాయి. మాటకు చికిత్స ఒకవైపు నడుస్తుండగానే ఉద్యోగానికి సన్నాహం ఇంకోవైపు మొదలుపెట్టొచ్చు. ఆ సన్నాహం ఎలా ఉండాలో మా లోపలివైపు నుంచి చెబుతున్నాను.

మొదట డాక్టర్‌తో తేల్చుకోవాల్సినవి కొన్ని. బీపీ అదుపులో ఉందా, ఫిట్స్ ఏమైనా వచ్చాయా, కుడివైపు చూపు తగ్గిందా. ఎడమ మెదడు దెబ్బతిన్నప్పుడు కుడివైపు చూపు పోవడం ఉంటుంది, అది ఆ మనిషికే తెలియకపోవచ్చు. చదివేటప్పుడు వరుస చివరి మాటలు వదిలేస్తుంటే కళ్ళు చూపించండి. యంత్రాల దగ్గర, ఎత్తు మీద, బండి నడపడంలో పనైతే డాక్టర్ రాసిచ్చేదాకా ఆగాల్సిందే. దిగులు సంగతి కూడా మరవద్దు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది, మాట లేనివాళ్ళు దాన్ని చెప్పుకోలేరు. నిద్ర, ఆకలి, ముఖం చూసి ఇంట్లోవాళ్ళే పట్టుకోవాలి.

తర్వాత, ఇబ్బంది ఏ రకమో స్పీచ్ థెరపిస్ట్‌ని అడిగి స్పష్టంగా తెలుసుకోండి. అఫేసియాలో మాట దొరకదు, లేదా కుర్చీ అనబోతే బల్ల అని వస్తుంది. విన్నదాంట్లో కొంత జారిపోతుంది, చదవడం రాయడం కూడా దెబ్బతింటాయి. డిసార్త్రియాలో భాష బాగానే ఉంటుంది, నోటి కండరాల బలహీనతవల్ల మాట ముద్దగా వస్తుంది. అప్రాక్సియాలో కండరాలకు బలం ఉన్నా వాటిని వరసగా కదిలించే ఏర్పాటు తప్పుతుంది. అదే మాట ఒక్కోసారి ఒక్కోలా విరుగుతుంది, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడం మాత్రం గలగలా వచ్చేస్తుంది. ఒకే మనిషిలో ఇవి కలిసి ఉండొచ్చు. ఈ తేడా పనిచోట చాలా అవసరం. "మాట్లాడలేకపోతే రాసి చూపించు" అనేది డిసార్త్రియా ఉన్నవాళ్ళకు చక్కటి దారి. అఫేసియా ఉన్నవాళ్ళకు అదే మాట చెప్పి కాగితం ముందు పెడితే, నోటికి రాని మాట చాలాసార్లు చేతికీ రాదు. ఎదుటివాళ్ళు "ఇతనికి ఏమీ తెలియడం లేదు" అనే నిర్ణయానికి వచ్చేస్తారు.

తెలివి పోలేదన్న సంగతి అందరూ నోటితో ఒప్పుకుంటారు, చేతల్లో మరిచిపోతారు. 1861లో ఫ్రెంచ్ వైద్యుడు పాల్ బ్రోకా వర్ణించిన రోగి దాదాపు "టాన్" అనే ఒక్క శబ్దమే పలకగలిగేవాడు, కానీ తనతో అన్నది చాలావరకు గ్రహించి సైగలతో జవాబిచ్చేవాడు. మాలో కొందరికి ఇప్పటికీ అలాంటి ఒకే మాట పదేపదే వస్తుంది. కొందరికి అనుకోకుండా బూతు మాట ఊడిపడుతుంది, ఎందుకంటే అలవాటుగా దొర్లే మాటలు ఆలోచించి కూర్చే మాటలకన్నా తేలిగ్గా బయటపడతాయి. అలా జరిగే మనిషైతే కలిసి పనిచేసేవాళ్ళకు మొదటిరోజే చెప్పాలి. ముందుగా తెలిస్తే ఎవరూ నొచ్చుకోరు.

ఇక ఉద్యోగాన్ని విడదీయడం. అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఒక నోటుబుక్కులో ఆ పనిలో ఒక వారంలో వచ్చే ప్రతి మాటల సందర్భాన్నీ రాయండి: ఎవరితో, ఎదురుగానా ఫోన్లోనా కాగితం మీదా, జవాబు ఎంత త్వరగా ఇవ్వాలి, తప్పు పోతే ఏమవుతుంది. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు, నిజానికి అసలు నిర్ణయం దాన్నిబట్టే. స్టోర్ రూమ్ పనే తీసుకోండి. చీటీ చూసి సరుకు తీయడం, లెక్కపెట్టి రాయడం, వచ్చిన పెట్టెలకు సంతకం చేయడం, "ఫలానాది ఎక్కడుంది" అంటే చూపించడం, తక్కువైందని సరఫరాదారుకి ఫోన్ చేయడం, సెలవు అడగడం. వీటిలో చూపించడానికి వేలు చాలు. లెక్కలో తప్పుపోతే నష్టం, కాబట్టి రెండోసారి సరిచూసే పద్ధతి ఉండాలి. ఫోన్‌ని మొదట్లో వేరేవాళ్ళకు అప్పగించి, ఆ బదులు వాళ్ళ పనిలో ఒకటి తీసుకోవచ్చు. అలా ఒక్కోదానికీ మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: ఒంటరిగా చేయగలను, సాయంతో చేయగలను, ఇప్పుడు వద్దు. గుర్తులు పెట్టాల్సింది ఉద్యోగానికి వెళ్ళే మనిషి. భార్యో భర్తో కూర్చుని పెట్టేస్తే అన్నీ మూడో గుర్తులోకి పోతాయి.

అవును, కాదు అనే జవాబులు ఎంత నమ్మదగినవో ముందే చూసుకోండి. అఫేసియాలో తల ఒకలా ఊగి నోరు ఇంకోలా అనడం మామూలే. జవాబు మీకు తెలిసిన పది ప్రశ్నలు, సగం అవును, సగం కాదు వచ్చేలా, కలగలిపి అడగండి. రెండు మూడు తప్పితే పనిలో ముఖ్యమైన ఏ విషయాన్నీ తల ఊపుడు మీద వదలొద్దు. "అవును", "కాదు", "తెలియదు" రాసిన కార్డు మీద వేలు పెట్టించండి. "తెలియదు" లేకపోతే మొహమాటానికి అవునంటాం.

వాక్యంలో విభక్తులు రాలిపోవడం తెలుగులో పెద్ద చిక్కు తెస్తుంది. "మేనేజర్... ఫైలు... ఇచ్చాడు" అన్నప్పుడు మేనేజర్ ఇచ్చాడా, మేనేజర్‌కి వేరొకరు ఇచ్చారా? ఆ ఒక్క "కి" లేకపోతే పని తలకిందులవుతుంది. వినేవాళ్ళు ఊహించి సాగిపోకూడదు. రెండు పేర్లు కాగితం మీద రాసి మధ్యలో బాణం గీసి "ఇటా, అటా?" అని అడగాలి. అర నిమిషం పడుతుంది, అంతే.

పని మాటల జాబితా ముప్పై నలభై దాటకూడదు. వస్తువుల పేర్లే రాస్తుంటారు, క్రియలు కూడా ఉండాలి: తెచ్చాను, అయిపోయింది, సరిపోలేదు, పంపించండి. తోటివాళ్ళ పేర్లు అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే పేరుకు అర్థం ఆసరాగా ఉండదు. ఫోటో కింద పేరు రాసి ఫోన్లో పెట్టుకుంటే సాధన కుదురుతుంది, అవసరానికి చూపించనూవచ్చు. మాట ఆగినప్పుడు సాయం చేసే వరుస ఇలా ఉంటే మంచిది. మొదట పది సెకన్లు మౌనంగా ఆగండి. తర్వాత "అది దేనికి వాడతారు, ఎక్కడుంటుంది, ఎలా ఉంటుంది" అని అడగండి. ఆ వస్తువు చుట్టూ ఉన్నవి చెప్పుకుంటూ వస్తే మాట చాలాసార్లు దానంతట అదే దొరుకుతుంది. దొరక్కపోతే మొదటి అక్షరం ఇవ్వండి. మొత్తం మాట అందించడం ఆఖరున. తొందరపడి మొదటి క్షణంలోనే అందిస్తే ఆ రోజు పని జరుగుతుంది, మాట మాత్రం మాది కాదు, రేపు మళ్ళీ రాదు. రోజూ పావుగంట చొప్పున రెండుసార్లు చేసింది, ఆదివారం మూడు గంటలు కూర్చున్నదానికన్నా నిలుస్తుంది.

వాక్యాలకు స్క్రిప్ట్ సాధన ఉంది. పనిలో మళ్ళీ మళ్ళీ వచ్చే సందర్భం ఒకటి ఎంచుకుని నాలుగైదు పొట్టి వాక్యాలు రాయాలి. సెలవు అడగడానికి: "సార్, ఒక్క నిమిషం. రేపు హాస్పిటల్ ఉంది. రేపు రాను. ఎల్లుండి వస్తాను." పుస్తకాల భాష వద్దు, ఆ మనిషి స్ట్రోక్‌కి ముందు ఎలా మాట్లాడేవాడో అలాగే ఉండాలి. మొదట ఇద్దరూ కలిసి గట్టిగా చదవాలి, తర్వాత సాయం చేసేవాళ్ళు గొంతు తగ్గిస్తూ పోవాలి, ఆపైన కాగితం తీసేయాలి. ఫోన్లో నెమ్మదిగా రికార్డు చేసి పెడితే ఒంటరిగా ఉన్నప్పుడు దానితోపాటు అనుకోవచ్చు. చాలా ఇళ్ళల్లో ఇక్కడితో ఆపేస్తారు, అందుకే ఇంట్లో గడగడా వచ్చింది ఆఫీసులో ఆగిపోతుంది. మేనేజర్ "సరే" అనడానికి బదులు "పొద్దున్నా, సాయంత్రమా?" అంటాడు. కాబట్టి ఎదుటి జవాబుని ప్రతిసారీ మార్చి, మరో మనిషితో, ఆఫీసులాంటి చప్పుడులో సాధన చేయించండి. దారి తప్పినప్పుడు పట్టుకునే మాటలు వేరేగా నేర్పండి: "ఒక్క నిమిషం", "మళ్ళీ చెప్పండి", "రాయండి". పనిలో నన్ను ఎక్కువసార్లు ఒడ్డున పడేసినవి ఈ మూడే.

ఇంట్లో ఒక భాష, పనిలో మరొక భాష అయితే రెండిటినీ విడిగా పరీక్షించాలి. రెండూ ఒకే వేగంతో తిరిగి రావాలని లేదు. చిన్నప్పటి భాషే ముందు వస్తుందనీ చెప్పలేం.

అంకెలు వేరే సమస్య. పదిహేను అనుకుని యాభై అంటాం, తప్పు అన్నామని మాకు వినిపించకపోవచ్చు కూడా. అందుకని ఫోన్ నంబర్లు, మొత్తాలు, తేదీలు ఏవీ నోటిమాటతో ముగియకూడదు. ఒక్కో అంకెగా చెప్పడం, రాయడం, రాసింది ఎదుటివాళ్ళకు చూపించి సరిచూసుకోవడం, మూడూ ప్రతిసారీ జరగాలి. తేదీ అయితే క్యాలెండర్ మీద, టైమ్ అయితే గడియారం మీద చూపించండి.

ఫోన్ మాట్లాడటం అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. ముఖం కనిపించదు, సైగ పనికిరాదు, మౌనంగా ఉంటే అవతలివాళ్ళు పెట్టేస్తారు. వీలైనవన్నీ మెసేజ్‌లోకి మార్చుకోండి. ముందే రాసిపెట్టిన మెసేజ్‌లు, వచ్చినవాటిని పైకి చదివి వినిపించే సదుపాయం చాలా ఫోన్లలో ఉన్నాయి. తప్పనిసరి కాల్ అయితే ఎదుట కాగితం పెట్టుకుని మనమే చేయాలి. వచ్చిన కాల్ ఎత్తడం కన్నా అది తేలిక, విషయం మన చేతిలో ఉంటుంది. మీటింగులకు విషయాల జాబితా ముందురోజే అడిగి తీసుకోండి. వెనక గోడ ఉన్న చోట కూర్చుంటే చప్పుడు ఒకవైపు తగ్గుతుంది, అందరి ముఖాలూ కనిపిస్తాయి.

పనిచోట ఎవరికి ఎంత చెప్పాలన్నది ఆ మనిషి ఇష్టం. చెప్పదలచుకుంటే నాలుగు వాక్యాల కార్డు చాలు: "నాకు స్ట్రోక్ వచ్చింది. మాట తడబడుతుంది. విషయం అర్థమవుతుంది, కొంచెం సమయం కావాలి. ముఖ్యమైనది రాసి ఇవ్వండి." పక్కన కూర్చునేవాళ్ళకు పావుగంట చూపించి నేర్పాలి: ఒకసారికి ఒకే విషయం, ముఖ్యమైన మాట పెద్ద అక్షరాల్లో కాగితం మీద, చివర "నేను అర్థం చేసుకున్నది ఇదేనా?" అని సరిచూసుకోవడం. గొంతు పెంచనక్కర్లేదు, మాకు చెవుడు లేదు. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడొద్దు. అర్థం కాకపోయినా అయినట్టు తల ఊపడం అన్నిటికన్నా చెడ్డది. అఫేసియా ఉన్నవాళ్ళతో సంభాషించడానికి టొరాంటోలో స్పీచ్ థెరపిస్ట్ ఆరా కాగన్ రూపొందించిన పద్ధతికి మూలసూత్రం, "మీకు తెలుసని నాకు తెలుసు" అని ఎదుటి మనిషి పైకి చెప్పడం. అది విన్నాక భయం తగ్గుతుంది, భయం తగ్గితే మాటలు కొన్ని ఎక్కువే వస్తాయి.

కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటే ప్రశ్నలు ముందుగా పంపమని, రెట్టింపు సమయం ఇవ్వమని అడగండి. మాటలకు బదులు పని చేసి చూపించే అవకాశం కోరండి. చేసిన పనుల ఫోటోలు, కాగితాలు వరసగా ఒక ఫైల్లో ఉంటే పేజీ తిప్పుతూ చెప్పొచ్చు.

గంటల విషయంలో ఆశ తగ్గించుకోండి. మామూలు మనిషికి శ్రమ లేకుండా జరిగే సంభాషణ మాకు ప్రతి మాటా ఎత్తి పెట్టాల్సిన బరువు. పొద్దున ఉన్న మాట మధ్యాహ్నానికి సగమవుతుంది. రోజుకు రెండు మూడు గంటలు, వారానికి మూడు రోజులతో మొదలుపెట్టి, రెండు వారాలు నిలకడగా గడిచాకే గంట పెంచండి. గంటకోసారి మాటలేని అయిదు పది నిమిషాలు కావాలి, ఆ సమయంలో ఫోన్ చూడటం కూడా విశ్రాంతి కాదు. మాట్లాడాల్సిన పనులు పొద్దున, చేతి పనులు తర్వాత. మాటలు తారుమారు కావడం పెరిగినా, చిరాకు వచ్చినా అలసట అని అర్థం. అయితే మాట ఒక్కసారిగా పడిపోయినా, ముఖం వంకరపోయినా, చెయ్యి సత్తువ తగ్గినా అది అలసట అనుకోకూడదు, వెంటనే ఆస్పత్రికి. ఈ సంగతి తోటి ఉద్యోగులకూ తెలియాలి.

తోడు వెళ్ళేవాళ్ళు మొదటి వారం పక్కనే ఉండొచ్చు. రెండో వారం అదే గదిలో దూరంగా, మూడో వారం ఫోన్లో అందుబాటులో. తోడున్నప్పుడు అందరూ ప్రశ్నలు తోడుగా వచ్చినవాళ్ళనే అడుగుతారు. జవాబు చెప్పకుండా, చూపు మావైపు తిప్పి ఆగండి. ఆరు వారాలయ్యాక గుర్తులు పెట్టిన నోటుబుక్కు మళ్ళీ తీసి, మారినవి మార్చండి. "సాయంతో" ఉన్నవాటిలో కొన్ని "ఒంటరిగా" వైపు జరిగి ఉంటాయి. జరగనివాటికి ఏ మాట దగ్గర ఆగుతోందో రాసుకుని స్పీచ్ థెరపిస్ట్ దగ్గరకు తీసుకెళ్ళండి. ఉద్యోగం మొదలైందని థెరపీ మానేయకండి, సాధన చేయాల్సిన అసలు వాక్యాలు దొరికేది ఇప్పుడే.