బట్వాడా పట్టీలో వయసు గడి

జమ్మికుంట దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో నేను గుమాస్తాను. ప్రతి శనివారం సాయంత్రం బట్వాడా, అంటే కూలి పైసలు పంచడం. పట్టీలో పేరు, వయసు, ఎన్ని బస్తాలు, ఎంత అడ్వాన్సు, సంతకం అని గళ్లుంటాయి. 1999 నుంచి ఆ గళ్లు నింపేది నేనే. మొన్న 34 మందికి పైసలిచ్చాను. 33 మంది బీహార్ నుంచి వచ్చినవాళ్లే, ఎక్కువ మంది ఇరవైల్లో ఉన్న పిల్లలు. తెలుగులో సంతకం పెట్టింది ఒక్కరే. ఆయనకు 61 ఏళ్లు.

నేను చేరిన ఏడు ఈ పట్టీలో బయటి రాష్ట్రం పేరు ఒక్కటీ లేదు. చుట్టూ ఉన్న నాలుగైదు ఊళ్ల వాళ్లే హమాలీలు. ఈయన అప్పుడు ముఠా మేస్త్రీ, 35 ఏళ్ల మనిషి. అప్పటి బస్తా క్వింటాలు. ఇద్దరు పట్టి లేపితే, వీపు తిప్పి మెడ మీదికి తీసుకుని, మోకాళ్లు కొంచెం వంచి, లారీకి ఆనించిన చెక్క మీదుగా ఎక్కేవాడు. చెక్క కిందికి వంగి మళ్లీ పైకి లేచేది. ఆ ఊపును చూసుకుని అడుగు వేయాలి, లేకపోతే మనిషి పడతాడు. ఒకసారి పడ్డాడు కూడా. నడుం అప్పుడే పోయింది. ఇప్పుడు బస్తాల మూతులు కుట్టే మిషన్ దగ్గర కూర్చుంటాడు. అంగీ కాలర్ పక్కకు జరిగినప్పుడు మెడ వెనక అరచేయంత చర్మం కనిపిస్తుంది, నల్లగా, ఎండిన తోలులా. ముట్టుకుంటే స్పర్శ తెలియదంటాడు.

టీవీలో మనది యువ దేశం అన్నప్పుడల్లా నాకు ఈ పట్టీ గుర్తుకొస్తుంది. జనాభా లెక్కల వాళ్లు 15 నుంచి 64 ఏళ్ల వాళ్లను పనిచేసే వయసు వాళ్లు అంటారు. అటు పిల్లలు, ఇటు ముసలివాళ్లు వాళ్ల మీద ఆధారపడేవాళ్లు. 1971 జనాభా లెక్కల్లో దేశంలో 42 శాతం మంది 15 ఏళ్ల లోపు పిల్లలే. 2011 నాటికి అది సుమారు 31కి దిగింది. ఇప్పుడు మన దేశంలో 100 మందిలో దాదాపు 68 మంది పనిచేసే వయసులో ఉన్నారు. దీన్నే జనాభా డివిడెండ్ అంటున్నారు.

మా ఇంటి లెక్కలోనే చూస్తే ఇది నాకు బాగా అర్థమైంది. 1981లో నాకు 10 ఏళ్లు. నాయన, అమ్మ ఇద్దరే పనిచేసేవాళ్లు. తినేవాళ్లు నానమ్మ, మేం ఆరుగురు పిల్లలం. మక్క గటక అందరికీ చాలాలని నానమ్మ తన గిన్నెలో గరిటెడే వేసుకునేది. మా పెద్దక్కకు అప్పుడు 13. లెక్క ప్రకారం ఆమె పిల్ల. కానీ పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. బడి ముఖం చూడలేదు. ఆ సంగతి నేను ఎన్నటికీ మరిచిపోను, ఎందుకంటే నా ఫీజు కట్టింది ఆ బీడీల పైసలతోనే.

ఇప్పుడు మా ఇంట్లో నేను, నా భార్య, దుబాయ్‌లో కరెంటు పని చేసే కొడుకు, కోడలు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న బిడ్డ, అయిదుగురం ఆ వయసులోనే ఉన్నాం. మా మీద ఆధారపడింది అమ్మ, మనవడు. ఇల్లు కట్టుకున్నా, బిడ్డను బీటెక్ చదివించినా ఈ ఇరవై ఏళ్లలోనే. సంపాదించే చేతులు ఎక్కువ, తినే నోళ్లు తక్కువ ఉన్న కాలం అది. ఇంకో ఇరవై ఏళ్లకు నేనూ నా భార్యా ఆ 64 గీత అవతలికి పోతాం. అప్పుడు మమ్మల్ని చూసుకోవాల్సింది కొడుకూ బిడ్డా ఇద్దరే. వాళ్లేమో ఒక్క సంతానం చాలు అనుకుంటున్నారు.

మా కోడలు డిగ్రీ చదివింది. ఆ 68 మందిలో ఆమె కూడా ఉంది. కానీ పిల్లవాణ్ని చూసుకునే దిక్కు లేక ఇంట్లోనే ఉంటోంది. వయసు ఉండటం వేరు, పని ఉండటం వేరు. ఈ తేడాను మన నాయకులు పట్టించుకోవట్లేదని నాకు బాధ.

తెలంగాణలో పిల్లలు తగ్గడం నిన్న మొన్నటి మాట కాదు. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన ఉమ్మడి రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి 1.8 మంది పిల్లలు. ఒక తరం స్థానంలో అంతే తరం రావాలంటే 2.1 ఉండాలి. ఆ సర్వే నాడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు 20 ఏళ్లు. మిల్లుకు రావాల్సిన వయసు వాళ్లదే. వాళ్లు ముందే తక్కువ మంది పుట్టారు, పుట్టినవాళ్లలో కొందరు గల్ఫ్ పోయారు, కొందరు హైదరాబాద్ పోయారు, మిగిలినవాళ్లు బస్తా మోయం అంటున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. మెడ మీద ఆ తోలు చూసిన ఏ తండ్రీ తన కొడుకును ఈ పనికి పంపడు. మా మేస్త్రీ కూడా పంపలేదు.

అందుకే బీహార్ నుంచి వచ్చే దానాపూర్ ఎక్స్‌ప్రెస్ మీద మా మిల్లు నడుస్తోంది. వాళ్లు కాజీపేటలో దిగి వస్తారు. ఛఠ్ పండుగకు ఊరికి పోయారంటే మాకు టెన్షన్ మొదలు. సరిగ్గా అప్పుడే వానాకాలం వడ్లు వస్తాయి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల నుంచి వచ్చిన లారీలు గేటు బయట వరుస కడతాయి, దించే మనుషులుండరు. పోయినసారి మూడు రోజులు నిలబడ్డ లారీ డ్రైవర్‌కు మా ఇంటి నుంచే అన్నం తెచ్చిపెట్టాను.

బీహార్ నుంచి ఎప్పటికీ వస్తూనే ఉంటారని సేట్లు అనుకుంటారు. నాకు అలా అనిపించదు. అక్కడా 2005–06లో సగటున 4 మంది పిల్లలుంటే 2019–21 నాటికి 3కు వచ్చింది. సమస్తిపూర్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్లగాణ్ని అడిగాను. "మా నాయనకు మేం ఏడుగురం మునీంజీ. నాకు ఇద్దరు. ఆపరేషన్ కూడా అయిపోయింది" అన్నాడు. ఆ ఇద్దరినీ ఇంగ్లిష్ మీడియం బడికి పంపుతున్నాడు.

జపాన్‌లో పనిచేసే వయసు వాళ్ల సంఖ్య 1995లోనే గరిష్ఠానికి చేరి దిగడం మొదలైంది. చైనాలో వాళ్ల వాటా 2010 ప్రాంతంలో 74 శాతం దాకా పోయి తగ్గుతోంది. మన దేశంలో ఆ వాటా 2030లలో గరిష్ఠానికి చేరుతుందంటారు. జపాన్ ముసలిది అయ్యేలోపు సంపన్న దేశం అయింది. మన మిల్లులో చేతులు అలిసిపోయేలోపు వాళ్లకంటూ ఏం మిగిలింది? మా మేస్త్రీకి పీఎఫ్ లేదు. ఆసరా పింఛను 2,016 రూపాయలు, నడుం నొప్పి మాత్రలకే సగం పోతుంది. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు చేయిద్దామని పోతే 59 దాటినవాళ్లకు లేదన్నారు.

అప్పటి నుంచి నా మనసు ఊరుకోలేదు. అసంఘటిత కార్మికులకు కేంద్రం 2019లో పెట్టిన శ్రమ్ యోగి మాన్‌ధన్ పింఛను ఉంది. 18 నుంచి 40 ఏళ్ల మధ్య చేరాలి. 29 ఏళ్లవాడు చేరితే నెలకు 100 రూపాయలు కట్టాలి, ప్రభుత్వం అంతే వేస్తుంది, 60 దాటాక నెలకు 3,000 వస్తుంది. మూడు వేలు చాలా తక్కువ, ఆ రోజుకు దాని విలువ ఇంకా పడిపోతుంది. అయినా ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో రోజూ మూతులు కుట్టే మిషన్ దగ్గర చూస్తున్నాను.

మొన్న బట్వాడా అయ్యాక అందరినీ కాంటా దగ్గర కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. మా మేస్త్రీని కూడా పిలిచాను. ఆయన ఏమీ మాట్లాడకుండా అంగీ కొంచెం కిందికి లాగి, మెడ చూపించి, మళ్లీ మిషన్ దగ్గరికి పోయాడు. ఆ సమస్తిపూర్ పిల్లగాడికి 29. వాడే ముందు లేచి ఆధార్ కార్డు ఇచ్చాడు. మొత్తం 11 మంది ఇచ్చారు. మిగిలిన వాళ్లను వచ్చే శనివారం అడగాలి, పైసలు చేతికి రాకముందే.