కొండ కనుమ దాకా మూడు స్టవ్‌లు

ట్రెక్‌కి బట్టలు, బూట్లు, టెంటు అన్నీ గంటలో తేలిపోయాయి. ఏ స్టవ్ మోసుకెళ్లాలి అన్నదగ్గరే మా ముగ్గురికీ పేచీ వచ్చింది. నాది గ్యాస్ డబ్బా మీద నేరుగా బిగించే చిన్న బర్నర్. మాలో పెద్దవాడు, మేమిద్దరం అన్నా అని పిలిచే మనిషి, పంపు కొట్టి వెలిగించే ద్రవ ఇంధనం స్టవ్ తప్ప దేన్నీ నమ్మడు. మూడోవాడికి బరువంటే పడదు. స్పిరిట్ (ఆల్కహాల్) పోసి వెలిగించే అతని బర్నర్ జేబులో పట్టేస్తుంది. ఎవరూ తగ్గలేదు కాబట్టి మూడూ తీసుకెళ్లాం. ఇప్పుడనిపిస్తోంది, అదే మంచిదైందని. ఒకే దారిలో, ఒకే చలిలో, ఒకే గాలిలో మూడింటినీ పక్కపక్కనే చూసే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో.

విమానంలో ఇంధనం ఏ రూపంలో ఉన్నా ఎక్కనివ్వరు. గ్యాస్ డబ్బా సీలు తీయనిదైనా అంతే. పంపు స్టవ్‌లో పాత పెట్రోలు వాసన తగిలినా ఆపేయొచ్చు. అందుకే అన్న సీసాను, పంపును కడిగి, బాగా ఆరబెట్టి తెచ్చాడు. ఇంధనం కొనడం కొండ కిందికి చేరాకే. స్టవ్ ఎంత గొప్పదన్నది తర్వాతి మాట, దిగిన చోట దానికి తగిన ఇంధనం దొరుకుతుందా అన్నది ముందు చూసుకోవాలి. మర బిగించే గ్యాస్ డబ్బాలు చాలావరకు ఒకే కొలతలో వస్తాయి, ఏ కంపెనీ బర్నరైనా పడుతుంది. కానీ కొన్నిచోట్ల సూదితో పొడిచే రకమో, సన్నగా పొడుగ్గా ఉండే రకమో మాత్రమే ఉంటుంది. పంపు స్టవ్‌కి ఆ బాధ తక్కువ. శుభ్రమైన వైట్ గ్యాస్ (పేరుకే గ్యాస్, నిజానికి పెట్రోలు లాంటి ద్రవం) దొరకకపోతే కిరోసిన్ పోసుకోవచ్చు, కాకపోతే మసి భరించాలి. ఈ పంపు స్టవ్‌ల వంశం పాతది. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో ప్రైమస్ అనే పంపు స్టవ్ తెచ్చాడు, తర్వాత ధ్రువయాత్రికులు దాన్నే మోశారు.

మొదటి రాత్రి చెట్ల మధ్య మకాం. గాలి లేదు, చలి కొద్దిగా. అక్కడ గ్యాస్‌ని మించింది లేదు. మర బిగించాను, తిప్పాను, అగ్గి తగిలించాను, అంతే. మంట తగ్గించాలంటే వేలితో తిప్పితే చాలు. బర్నర్ బరువు వంద గ్రాములు కూడా లేదు. స్పిరిట్ బర్నర్ చప్పుడు చేయకుండా నెమ్మదిగా మండింది. నాకు ఆ నిశ్శబ్దం చాలా నచ్చింది. కానీ స్పిరిట్‌లో గ్రాముకి ఉండే వేడి నా గ్యాస్ డబ్బాలోని బ్యూటేన్‌లో ఉన్నదానిలో దాదాపు అరవై శాతమే, నీళ్లు కాగడానికి ఓపిక పట్టాల్సిందే. ఇంకో సంగతి, పగటి వెలుగులో ఆ మంట కంటికి ఆనదు. ఆరిపోయిందనుకుని సీసాతో మళ్లీ పోస్తే ధార వెంటే మంట సీసాలోకి ఎగబాకుతుంది. మా వాడు ప్రతిసారీ అరచేతిని పైన ఎత్తుగా పెట్టి వేడి చూసుకుని, బర్నర్ పూర్తిగా చల్లారాకే పోసేవాడు. ఆ జాగ్రత్త చూసి నాకు ధైర్యం వచ్చింది.

శిఖరపు గట్టు ఎక్కాక గాలి మొదలైంది. కొలతలన్నీ అక్కడ తారుమారు. ఇంట్లో స్టాప్‌వాచ్ పెట్టి ఎన్ని నిమిషాల్లో మరిగిందో చూసుకున్న లెక్క ఆ గట్టు మీద ఎందుకూ పనికిరాదు. నా మంట ఒక పక్కకి వంగిపోయి గిన్నెకన్నా ఎక్కువ ఆకాశాన్నే కాచింది. రేకుతో చుట్టూ గోడ కట్టాలనిపించడం సహజమే. కానీ బర్నర్ డబ్బా నెత్తినే ఉన్నప్పుడు అలా చుట్టేస్తే వేడంతా లోపలే నిలిచి డబ్బా కాలిపోతుంది, పేలే ప్రమాదముంది. గాలి వచ్చే వైపు మాత్రం రాళ్లు పేర్చి, డబ్బాను మధ్యమధ్య తాకి చూస్తూ కూర్చున్నాను. అన్న స్టవ్‌లో ఇంధనం సీసా దూరంగా గొట్టం చివర ఉంటుంది. అతను నిశ్చింతగా రేకు చుట్టేశాడు.

కనుమ కింద సుమారు 4,000 మీటర్ల మకాంలోనే అసలు పరీక్ష జరిగింది. అక్కడ నీళ్లు దాదాపు 87 డిగ్రీలకే మరుగుతాయి. బుడగలు తొందరగా వస్తాయి గానీ గింజలు ఓ పట్టాన ఉడకవు. తెల్లవారుజామున బయట గడ్డకట్టే చలి. నా డబ్బాలో పావు వంతు గ్యాస్ మిగిలింది. వెలిగిస్తే మంట నీరసంగా నీలంగా వేలాడింది. డబ్బా లోపల ఉన్నది మామూలు బ్యూటేన్, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ మిశ్రమం. సముద్రమట్టం దగ్గర మామూలు బ్యూటేన్ సున్నా కిందికి రాగానే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఓర్చుకుంటాయి. ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది. కానీ ప్రొపేన్ ముందే ఎక్కువగా వెళ్లిపోతుంది, చివరికి మిగిలేది బద్ధకపు బ్యూటేనే. పైగా ఆవిరయ్యే ప్రతి గ్రామూ డబ్బా నుంచే వేడి లాక్కుంటుంది. డబ్బా ఒంటి మీద మంచు పొర కట్టడం నేను కళ్లారా చూశాను. లోతులేని పళ్లెంలో చల్లని నీళ్లు పోసి డబ్బాను అందులో నిలబెట్టాను. ఆ నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర ఉన్నా చుట్టూ ఉన్న గాలికన్నా వెచ్చనే. మంట మళ్లీ లేచింది.

ఈలోపు అన్న స్టవ్ హోరున మోగుతోంది. కొన్ని ఇంధనపు చుక్కలు బర్నర్ కింది పళ్లెంలో కాల్చి గొట్టం వేడెక్కించాడు, పంపు కొట్టాడు, అంతే. ఆ స్టవ్‌కి ఒత్తిడి మన చేతిలోంచే వస్తుంది, చలితో బేరం ఉండదు. మంచు కరిగించి నీళ్లు చేసుకోవాల్సిన చోట ఈ తేడా ప్రాణమంత విలువైనది. ఒక కిలో మంచును కరిగించడానికి పట్టే వేడి, ఆ నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచే వేడికి సమానం. స్పిరిట్ అక్కడ వెలగడానికే మొరాయించింది. మా వాడు సీసాను రాత్రంతా చొక్కాలో పెట్టుకు పడుకున్నాడు కాబట్టి కనీసం అంటుకుంది.

గుడారం లోపల మాత్రం ఏదీ వెలిగించలేదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. ఎంత చలేసినా ఇందులో రాజీ వద్దని ముగ్గురం ముందే గట్టిగా అనుకున్నాం.

దిగేటప్పుడు లెక్కలు వేసుకున్నాం. గాలి మరీ లేకపోతే లీటరు నీళ్లు మరగడానికి గ్యాస్ ఇంచుమించు 15 గ్రాములు చాలు, స్పిరిట్‌కి దానికి దాదాపు రెట్టింపు పోతుంది. మంచు నుంచి మొదలుపెట్టాలంటే ఏ ఇంధనమైనా దాదాపు రెట్టింపు. ఒంటరిగా రెండు రాత్రులకి తక్కువ ఎత్తుకు వెళ్లేవాడికి స్పిరిట్‌నే చెబుతాను. మామూలు కాలాల్లో ఇద్దరు ముగ్గురికి గ్యాస్. మంచులో మకాం ఉంటే మాత్రం పంపు, గొట్టం, సీసా కలిపి అర కిలో దాకా ఉన్నా సరే, అన్న స్టవ్‌ని నా వంతుగా నేనే మోస్తాను. వెంట పంపు వాషర్లు, నాజిల్ శుభ్రం చేసే సూది ఉండాలి.